సీసాకొక నీతి, చిలుముకొక నీతి

పుదుచ్చేరి నుంచి కడలూరుకు పోయే రోడ్డుమీద, పట్టణం పొలిమేర దాటగానే వచ్చే ఊరు అరియాంకుప్పం. ఊరి పేరే ధరించిన ఏరు ఒకటి దాని ప్రక్కగా పారి వీరాంపట్టణం చేరువలో సముద్రంలో కలుస్తున్నది. ఆ ఏటి వంపులో అరికమేడు అనే దిబ్బ ఉన్నది. 1945లో మార్టిమర్ వీలర్, 1947 నుంచి 1950 వరకు ఫ్రెంచి పండితుడు కజాల్, మళ్లీ 1989లో మొదలుపెట్టి విమలా బెగ్లీ ఆ దిబ్బను త్రవ్వించినారు. రంగురంగుల పూసలు దొరికినవి. ఇటలీలో చేసిన ఎర్రని నునుపు పళ్లేల ముక్కలు దొరికినవి. వాటితోపాటు రెండు చెవుల పొడుగాటి కూజాల పెంకులు దొరికినవి. ఆ కూజాలలో మధ్యధరా తీరం నుంచి ఆలివ్ నూనె వచ్చినది, చేపల ఊట వచ్చినది, అన్నిటికంటె ఎక్కువగా ద్రాక్షసారాయి వచ్చినది. రెండువేల సంవత్సరాల క్రిందటనే ఈ రేవులో మత్తు అనేది బేరమూ కొలతా ఉన్న సరకు. ఇప్పుడా పెంకులు ప్రదర్శనశాలలో ఉన్నవి. పిల్లలను వరుసగా నిలబెట్టి ఉపాధ్యాయులు వాటిని చూపిస్తారు. ఇందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు.

ఆ ఊరి రోడ్డుమీద ఈనాటికీ మత్తు సరకే. అరియాంకుప్పం దాటి తవళకుప్పం, కిరుమాంపాక్కం మీదుగా కన్నియకోవిల్, ముళ్లోడై వరకు, అంటే తమిళనాడు సరిహద్దు వరకు, ప్రయాణం చేసినవారెవరికైనా మద్యం దుకాణాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. పుదుచ్చేరి ప్రభుత్వం చారాయం దుకాణాలను, కల్లు దుకాణాలను వేలం వేస్తున్నది. ఎక్సైజు రాబడి దాని ఖజానాకు పెద్ద ఆధారం. పదునెనిమిది ఏళ్లు నిండినవాడు ఎవడైనా ధైర్యంగా దుకాణంలోకి నడచిపోయి, సీసా కొని, రసీదు అడిగి తీసుకొని బయటకు రావచ్చు. అదే రోడ్డుమీద అదే వయసు కుర్రవాని జేబులో చిటికెడు గంజాయి పొట్లం దొరికితే వాడు నేరస్థుడు. 1985లో చేసిన మత్తుమందుల చట్టం క్రింద అతనికి ఒక సంవత్సరం వరకు కఠిన ఖైదు విధించవచ్చు. ఇద్దరూ సాయంత్రం పూట కాసేపు ఒళ్లు మరవాలనుకొన్నవారే. ఒకడు ప్రభుత్వానికి పన్ను కట్టిన పౌరుడైనాడు. రెండవవాడు ముద్దాయి అయినాడు.

ఈ వ్యత్యాసానికి ఆధారం ఏమిటి? హానిలోని హెచ్చుతగ్గులా? 2018లో దేశమంతటా జరిపిన సర్వేను అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ 2019లో ప్రకటించినది. మద్యం త్రాగేవారు సుమారు 16 కోట్లమంది. వారిలో చికిత్సో సహాయమో అవసరమైన స్థితికి చేరినవారు 5 కోట్ల 70 లక్షలు. గంజాయి, చరసు, భంగు వాడేవారు అందరూ కలిసి సుమారు 3 కోట్ల 10 లక్షలు. వారిలో అటువంటి స్థితిలో ఉన్నవారు సుమారు 72 లక్షలు. అంటే త్రాగేవారిలో మూడోవంతు కంటె ఎక్కువమంది చెడుతున్నారు. గంజాయి పీల్చేవారిలో, భంగు త్రాగేవారిలో నాలుగోవంతు కంటె తక్కువమంది చెడుతున్నారు. ఈ అంకెలు గంజాయి నిరపాయకరమని చెప్పడం లేదు. 72 లక్షల కుటుంబాల దుఃఖం చిన్నది కాదు. కాని మన చట్టం హానిని తూచి గీసిన గీత కాదన్నమాట మాత్రం ఈ అంకెలు చెప్పకనే చెప్పుతున్నవి.

మద్యం విషయంలో ప్రభుత్వాలు ఎన్ని వేషాలు మార్చినవో దక్షిణదేశపు పాఠకులకు తెలియనిది కాదు. 1937లో సేలం జిల్లాలో రాజాజీ ప్రారంభించిన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా వ్యాపించినది. పుదుచ్చేరి అప్పుడు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నది. మద్రాసు రాష్ట్రపు దాహం సరిహద్దు దాటి అక్కడ తీరేది. 1954 నవంబరు 1న పాలన చేతులు మారినది గాని దుకాణాలు మూతపడలేదు. తమిళనాడు 1971లో నిషేధం ఎత్తివేసినది. 1974లో మళ్లీ విధించినది. 1981లో మళ్లీ సడలించినది. 2003లో చిల్లర అమ్మకాన్ని సైతం తన సంస్థ చేతికే తీసుకొని తానే గల్లాపెట్టె దగ్గర కూర్చున్నది. ఒకనాడు పాపమన్న చేయి మరొకనాడు చిల్లర లెక్కపెట్టినది. ఆంధ్రదేశపు కథ మాత్రం వేరా? 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చినది, 1997లో సడలిపోయినది. ఆ నడిమి కాలంలో గోదావరి జిల్లాలవారికి యానాం ఎందుకు అంత దగ్గరి ఊరైనదో ఆ జిల్లాలవారినే అడగవచ్చు. ఆ యానాం కూడ పుదుచ్చేరి పాలనలోనిదే.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావడం న్యాయమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి దుకాణం ముందు నిలబడి మూయించినారు. ఆ ఉద్యమమే పెరిగి పెద్దదై మద్యనిషేధానికి దారితీసినది. మొగుడు త్రాగివచ్చి కొట్టిన దెబ్బలు తిన్న ఆడవారి ఎదుట నిలబడి, సారాయి చాలక ఇంకొక దుకాణం కూడ తెరవమంటారా అని అడిగితే సమాధానం చెప్పవలసిందే. సమాధానం ఆ స్త్రీల ఉద్యమంలోనే ఉన్నది. వారు నిలబడడానికి ఒక దుకాణం ఉన్నది. అడ్డుకోవడానికి ఒక వేలంపాట ఉన్నది. నిలదీయడానికి ఒక కలెక్టరు, ఒక మంత్రి ఉన్నారు. గంజాయి అమ్మేవాని వాకిలి ఎక్కడ? వాని పాటను ఏ కచ్చేరిలో ఆపాలి? బడిగోడ వెనుక, బస్టాండు సందులో, పాడుబడిన లేఅవుటులో చేతినుంచి చేతికి మారే పొట్లానికి వ్యతిరేకంగా ఏ తల్లి ఎక్కడ బైఠాయించగలదు? బహిరంగంగా జరిగే వ్యాపారాన్ని జనం కట్టడి చేయగలరు, చివరకు మూయించనూగలరు. చీకటిలో జరిగే వ్యాపారాన్ని జనం తిట్టగలరు, అంతే.

2024 మార్చిలో పుదుచ్చేరి ముత్యాల్‌పేటలో తొమ్మిదేళ్ల బాలిక హత్యకు గురైనది. ఆ వార్త వెంటనే గంజాయి పేరు కూడ వినిపించినది. పట్టణం వీధులలోకి వచ్చినది, బంద్ జరిగినది, మత్తుపదార్థాలను అరికట్టలేని ప్రభుత్వం ఎందుకని జనం నిలదీసినారు. ఆ కోపాన్ని తేలికగా చూచే హక్కు ఎవరికీ లేదు. గంజాయిని చట్టబద్ధం చేయమనే వాదం ఆ బిడ్డ పేరు తప్పించుకొని ప్రక్కదారిన పోయినట్లయితే అది వాదమే కాదు. కనుక ఎదుటికే పోయి చూడవలె. ఆ రోజుకు గంజాయి మీద నిషేధం అమలులోకి వచ్చి ముప్పైఎనిమిది సంవత్సరాలు నిండినవి. అంతకంటె కఠినమైన చట్టాలు ఈ దేశంలో వ్రేళ్లమీద లెక్కింపదగినవి. తనిఖీలున్నవి, ప్రత్యేక దళాలున్నవి, ఖైదులున్నవి. ఇన్ని ఉండి కూడ ఆ వీధిలో గంజాయి దొరుకుతున్నదని జనం అన్నారంటే, ఆ మాట నిషేధాన్ని సమర్థిస్తున్నదా, దాని వైఫల్యాన్ని చాటుతున్నదా? మత్తు నేరానికి సాకు కాదు. తానై పుచ్చుకొన్న మత్తులో చేసిన పనికి మనిషి బాధ్యుడేనని మన శిక్షాస్మృతి ఎప్పటినుంచో చెప్పుతున్నది. త్రాగి హత్య చేసినవానిని హంతకుడిగానే శిక్షిస్తున్నాము. ద్రాక్షతోటలను తగులబెట్టడం లేదు.

అదే ప్రాంతంలో జరిగిన మరి రెండు ఘోరాలను దీని ప్రక్కన పెట్టి చూడవలె. 2023 మే నెలలో పుదుచ్చేరికి ఉత్తరాన, మరక్కాణం దగ్గరి ఎక్కియార్‌కుప్పంలో మిథనాలు కలిసిన దొంగసారాయి త్రాగి పదిమందికి పైగా చనిపోయినారు. 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో అదే విషానికి అరవైమందికి పైగా బలి అయినారు. అప్పుడు సమాజం ఏమన్నది? త్రాగినవారు నేరస్థులనలేదు, బాధితులన్నది. చనిపోయినవారి కుటుంబాలకు తమిళనాడు ప్రభుత్వం పదేసి లక్షల రూపాయలు ఇచ్చినది. కొలతా పరీక్షా లేని సరకు మనిషి గొంతులోకి పోవడమే ఆ చావులకు కారణమని అందరూ గ్రహించినారు. ఈ గ్రహింపు గంజాయి దగ్గరకు వచ్చేసరికి ఎక్కడ మాయమవుతున్నదో తెలియదు. గంజాయి వల్ల మిథనాలు వలె ఊళ్లకు ఊళ్లు చచ్చిన దాఖలా చరిత్రలో లేదు. అయినా దొంగసారాయి త్రాగినవానికి పరిహారం, గంజాయి పీల్చినవానికి కారాగారం.

ఇదంతా క్రొత్త వివాదమనుకోవడం పొరపాటు. ఈ ప్రశ్నను ఈ దేశంలోనే, ప్రపంచంలో అంతకు ముందెన్నడూ జరగనంత శ్రద్ధగా, ఒకసారి విచారించినారు. గంజాయి త్రాగి హిందూదేశంలో జనం పిచ్చివారైపోతున్నారని బ్రిటిష్ పార్లమెంటులో మద్యవ్యతిరేకులు ఆందోళన చేసిన మీదట 1893లో ఒక కమిషన్ నియమితమైనది. మాక్‌వర్త్ యంగ్ దాని అధ్యక్షుడు. ఏడుగురు సభ్యులలో ముగ్గురు భారతీయులు. వారు దేశమంతా తిరిగి 1,193 మంది సాక్ష్యం తీసుకొన్నారు. వైద్యులు, కలెక్టర్లు, మిషనరీలు, రైతులు, వ్యాపారులు, వైద్యం చేసే దేశీయ వైద్యులు, గంజాయి త్రాగేవారు, త్రాగేవారిని ఏవగించుకొనేవారు, అందరూ చెప్పుకొన్నారు. 1894లో ఏడు సంపుటాల నివేదిక వెలువడినది.

ఆ నివేదికలో పిచ్చాసుపత్రుల ప్రకరణం ఈనాటికీ చదువదగినది. ఆసుపత్రి లెక్కలలో చాలామంది ఉన్మాదులకు కారణం గంజాయి అని వ్రాసి ఉన్నది. ఆ లెక్కనే నమ్మి అందరూ భయపడుతున్నారు. కమిషన్ వారు ఒక్కొక్క రోగి కాగితాలు తిరగవేసి ఆ మాట ఎక్కడినుంచి వచ్చినదా అని వెదకినారు. రోగిని పట్టుకొని వచ్చిన పోలీసువాడు ఒక పత్రం నింపవలె. అందులో రోగకారణం అనే గడి ఒకటి ఉన్నది. కారణం తెలియదని వ్రాస్తే పై అధికారి ఊరుకోడు. రోగి ఏ బైరాగియో, దిక్కులేని వాడో అయితే గంజాయి అని వ్రాసిపారవేస్తే పని తీరిపోయేది. ఆ పోలీసు వ్రాత వైద్యుని పుస్తకంలోకి, అక్కడినుంచి ప్రభుత్వ వార్షిక నివేదికలోకి, అక్కడినుంచి పార్లమెంటులోకి పోయినది. ఒక గడి నింపడానికి తొందరపడిన కానిస్టేబులు చేతివ్రాత శాస్త్రప్రమాణమై కూర్చున్నది. విచారణలో ఆ కేసులలో ఎక్కువభాగం నిలువలేదు.

కమిషన్ తుది అభిప్రాయం ఇది: మితంగా వాడేవారికి గంజాయి వల్ల చెప్పుకోదగిన హాని లేదు, అతిగా వాడేవారికి హాని ఉన్నది, ఆ హాని ముఖ్యంగా వాడినవానికే గాని సమాజానికి అంతగా లేదు. పూర్తిగా నిషేధించడం అవసరమూ కాదు, ఉచితమూ కాదు. నిషేధిస్తే జనం అంతకంటె ప్రమాదకరమైన మత్తులవైపు మళ్లవచ్చు. చేయవలసినదల్లా సాగుకు లైసెన్సులు, తగినంత పన్ను, దుకాణాల సంఖ్యకు పరిమితి, మనిషి దగ్గర ఉంచుకొనగల సరకుకు హద్దు. అన్నవారు వలసపాలకులు. ఖజానా మీద వారి చూపు లేకపోలేదు. అందువల్ల వారి మాటను కొంత తగ్గించి తీసుకోవచ్చు. కాని సాక్ష్యం చెప్పినవారు పరాయివారు కారు, వారు చెప్పినది వారి ఊళ్ల సంగతి.

ఆ పద్ధతి కాగితం మీద నిలిచిపోయినది కూడ కాదు. బెంగాలులో రాజ్‌షాహీ జిల్లా నౌగావ్ ప్రాంతంలో మాత్రమే గంజాయి సాగు, రైతుకు లైసెన్సు, పంట ఆరబెట్టి, తూచి, ప్రభుత్వ గోడౌనులో పెట్టవలె, పన్ను కట్టి సరకు విడిపించుకోవలె. మద్రాసు రాజధానిలో ఇటువంటి సాగు ముఖ్యంగా రెండు చోట్ల ఉండేది. ఒకటి ఉత్తరార్కాటు జిల్లా జవ్వాది కొండలు. రెండవది బాపట్ల ప్రాంతపు దగ్గుబాడు. ఈనాడు గంజాయి అనగానే ఉలిక్కిపడే తెలుగువారిలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? గంజాయివనంలో తులసిమొక్క అని సామెత చెప్పుకొన్న జాతి మనది. మన చాటువులలో గంజాయి త్రాగినవాడు నవ్వులపాలైనాడు గాని జైలుపాలు కాలేదు. మన వైద్యశాస్త్రం దానికి విజయ అని పేరు పెట్టి, విషద్రవ్యాలలో చేర్చి, శుద్ధిచేసి వాడమన్నది. ఈనాటి ఔషధ నిబంధనలలో కూడ ఆయుర్వేద, సిద్ధ మందులలో వైద్యుని పర్యవేక్షణలో వాడవలసిన విషద్రవ్యాల పట్టికలో దానికి చోటున్నది. మేలు, కీడు రెండూ ఎరిగి దూరమూ దగ్గరా పాటించిన సంప్రదాయం అది.

మరి ఈ గోడ ఎవరు కట్టినారు? 1925లో జెనీవాలో నల్లమందు మీద సమావేశం జరుగుతుండగా ఈజిప్టు ప్రతినిధి గంజాయిని కూడ పట్టికలో చేర్చమన్నాడు, చేరినది. 1961లో న్యూయార్కులో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక గంజాయిని అత్యంత ప్రమాదకరమైన మందుల వరుసలో నిలిపినది. సంప్రదాయంగా వాడుక ఉన్న దేశాలు ఇరవైఐదు సంవత్సరాలలో దానిని మాన్పించవలెనని గడువు పెట్టినది. ఆ గడువు దగ్గరపడుతుండగా 1985లో మన పార్లమెంటు మత్తుమందుల చట్టం చేసినది. బిల్లు ఆగస్టులో ప్రవేశపెట్టినారు, నవంబరు 14 నుంచి అది అమలైనది. ఏడు సంపుటాల విచారణను త్రోసిపుచ్చడానికి మూడు నెలలు చాలినవి. వెయ్యిన్నూటతొంభైముగ్గురు కాదు గదా, పదిమంది సాక్షులనైనా పిలిచి అడిగిన కమిషన్ ఏదీ ఈసారి లేదు.

ఆ చట్టంలోని వింతలలో ఒకటి చెప్పుకోదగినది. గంజాయి అంటే పూతకొన లేదా కాయకొన అని నిర్వచనం. కొన లేని ఆకు, గింజ నిర్వచనంలోకి రావు. అందుచేత ఆకుతో చేసిన భంగు ఉత్తరప్రదేశ్‌లో, రాజస్థాన్‌లో ప్రభుత్వపు అనుమతి ఉన్న దుకాణాలలో అమ్ముడవుతున్నది. హోలీనాడు పెద్దమనుషులు సేవిస్తున్నారు. ఒకే మొక్క, ఆకుకు లైసెన్సు, పూతకు సంకెల. ఆకు ఉత్తరదేశపు పండుగలలో ఉన్నది గనుక దానికి మాట సహాయం చేసేవారు ఢిల్లీలో దొరికినారు. పూత త్రాగేవాడు బైరాగి, కూలివాడు, జాలరి. వానికి అక్కడ ఎవరున్నారు?

చట్టపు బరువు ఎవరిమీద పడుతున్నదో తెలుగునేలమీదనే చూడవచ్చు. తమిళనాడుకు, పుదుచ్చేరికి చేరే గంజాయిలో చాలాభాగం తూర్పుకనుమల నుంచి, అంటే పాడేరు, చింతపల్లి, జి. మాడుగుల, పెదబయలు, ముంచింగిపుట్టు కొండలనుంచి, వాటికి ఎగువనున్న ఒడిశా కొండలనుంచి పోతున్నది. 2021 అక్టోబరు చివర ఆంధ్రప్రదేశ్ పోలీసులు పరివర్తన అనే పేరుతో దాడులు మొదలుపెట్టి ఏడువేల ఎకరాలకు పైగా తోటలు నరికివేసినారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండులక్షల కిలోల గంజాయిని ఒక్కచోట పోసి తగులబెట్టినారు. పొగ చాలా దూరం కనిపించినది. కాని కొండమీద ఆ తోట వేసిన గిరిజనునికి విత్తనమూ పెట్టుబడీ ఇచ్చిన వ్యాపారి ఆ కొండమీద ఉండడు. కాఫీ, మిరియం కాపుకు రావడానికి ఏళ్లు పట్టే చోట ఆరునెలలలో చేతికి డబ్బు వచ్చే పంట ఇదొక్కటే అని చెప్పి, ముందుగానే బయానా ఇచ్చి పోతాడు. దొరికేది తోట వేసినవాడు, మూట మోసినవాడు, బండి నడిపినవాడు. సరకు ఇరవై కిలోలు దాటితే కనీసం పదేళ్లు, గరిష్ఠం ఇరవై ఏళ్లు ఖైదు, లక్షకు తగ్గని జుర్మానా. బెయిలు దొరకడం దుర్లభం. నిర్దోషి అని నమ్మడానికి తగిన కారణాలున్నవని న్యాయమూర్తికే తోచితే తప్ప విడుదల లేదని చట్టం. కూలికి మూట మోసిన కుర్రవాడు ఆ మాటను న్యాయస్థానంలో ఎవరిచేత చెప్పించగలడు?

ఈ చట్టం క్రింద అధికారి ముందు ముద్దాయి ఒప్పుకొన్నట్లు వ్రాసుకొన్న వాంగ్మూలాన్నే సాక్ష్యంగా చూపించి శిక్షలు వేయించిన కాలం కూడ చాలా ఉన్నది. తమిళనాడు నుంచి పోయిన తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో అది చెల్లదన్నది. అప్పటికి చట్టానికి ముప్పైఐదేళ్లు. ఆలోగా అటువంటి కాగితాల బలంతో లోపల గడిపినవారి సంవత్సరాలను ఏ తీర్పూ తిరిగి ఇవ్వలేదు. నగరాలలో కూడ కథ ఇంతే. ముంబయి న్యాయస్థానాలలో 2017, 2018 సంవత్సరాల వ్యసన కేసులను విధి అనే న్యాయపరిశోధన సంస్థ పరిశీలిస్తే, వాటిలో అత్యధికం గంజాయి వాడినవారివే. పట్టుబడినవారిలో ఎక్కువమంది కూలీలు, వీధులలో, మురికివాడలలో బ్రతికేవారు. మేడలలో పొగ లేదనా? మేడ మెట్లు ఎక్కడానికి పోలీసుకు ఓపిక తక్కువ.

గంజాయికి దోషం లేదని ఈ వాదం చెప్పడం లేదు. లేతవయసులో మొదలుపెట్టి రోజూ పీల్చేవాని చదువు చెడుతుంది, జ్ఞాపకం మందగిస్తుంది. మనోవ్యాధికి లోపల బీజమున్నవానిలో అది పైకి వస్తుంది. ఇవాళ అమ్ముడయ్యే శీలావతి వంటి రకాల తీవ్రత తాతలనాటి చిలుములో ఉండేదానితో సమానం కాకపోవచ్చు. పొట్లంలో ఏమి కలిపినారో కొన్నవానికి తెలియదు, అమ్మినవానికీ తెలియదు. ఇవన్నీ నిజం. నిజం గనుకనే ఈ సరకును దొంగల చేతిలో వదలిపెట్టడం అపాయం. గంజాయి అమ్మేవాడు వయసు అడగడు. పదమూడేళ్లవాడు డబ్బు చూపితే ఇస్తాడు. రేపు వానిచేతనే మరి పదిమందికి అమ్మిస్తాడు. మద్యం దుకాణదారునికి పోగొట్టుకోవడానికి లైసెన్సు అనేది ఒకటి ఉన్నది. వీనికి ఏమున్నది?

వ్యసనం వదిలించుకోదలచినవాడు వైద్యుని దగ్గరకు పోవడానికి కూడ ఈ చట్టమే అడ్డం. తానై చికిత్సకు వచ్చిన వ్యసనపరునిపై కేసు పెట్టరాదని చట్టంలో ఒక సెక్షను ఉన్నమాట నిజమే. కాని కుర్రవానికి ఆ సెక్షను తెలియదు, పోలీసుస్టేషను తెలుసు. తల్లిదండ్రులు కొడుకు సంగతి బయటపడితే ఉద్యోగం, పెండ్లి, పాస్‌పోర్టు అన్నీ పోతాయని గదిలో పెట్టి తాళం వేస్తారు. త్రాగుబోతు తండ్రిని ఆసుపత్రికి తీసుకొనిపోయే కుటుంబమే గంజాయి కొడుకును దాచుతున్నది.

కావలసినది కొత్తగా కనిపెట్టవలసినది కాదు. కొండలలో రైతుల సహకార సంఘాలకు హద్దులు గీసి సాగు లైసెన్సు. పంట తూచి, తీవ్రత పరీక్షించి, ప్రభుత్వ గోడౌనులో నిలువ. పొట్లం మీద తూకమూ తీవ్రతా అచ్చు. ఇరవైఒక్క ఏళ్లు నిండనివానికి అమ్మితే దుకాణం రద్దు. ప్రకటనలు పూర్తిగా నిషేధం. బడికీ గుడికీ దూరం. దుకాణం పెట్టడానికి ఆ వార్డు జనం ఒప్పుకోలు, వద్దన్నప్పుడు మూయించే హక్కు. వచ్చిన పన్నులో ముందుగా వ్యసనచికిత్సకు, ఆ తరువాతనే మరి దేనికైనా. గంజాయి త్రాగి వాహనం నడిపినవానిని త్రాగి నడిపినవానితో సమంగా శిక్షించవలె. చిన్నమొత్తాల కేసులలో లోపల ఉన్నవారిని విడుదల చేయవలె. పటియాలా లోక్‌సభ సభ్యుడు ధర్మవీర గాంధీ 2016లో ఈ దారిలోనే చట్టసవరణకు ఒక బిల్లు తలపెట్టినాడు. వైద్యుడు గనుక పంజాబులో ఆయన చూచినది తెలిసి చెప్పినాడు: సాధారణమైన మత్తును మూసివేసిన చోట తీవ్రమైన మత్తు వచ్చి కూర్చున్నది. నూటయిరవై ఏళ్ల క్రిందట కమిషన్ భయపడినది కూడ ఇదే.

విదేశాల ఉదాహరణలు ఎత్తగానే తల ఎగరవేసేవారున్నారు, అదేపనిగా తల ఊపేవారూ ఉన్నారు. ఉరుగ్వే 2013లో, కెనడా 2018లో చట్టబద్ధం చేసినవి. జర్మనీ 2024లో పెద్దవారు కొంత దగ్గర ఉంచుకోవచ్చునన్నది. అక్కడ ఆకాశం విరిగి పడలేదు, స్వర్గమూ దిగిరాలేదు. థాయిలాండు కథ వేరు. 2022 జూన్‌లో గంజాయిని మత్తుమందుల పట్టికనుంచి తీసివేసి, దాని అమ్మకానికి సరియైన నిబంధనలు చేయకుండానే తలుపులు తెరచినది. వీధివీధికీ దుకాణం వెలసినది. మూడేళ్లు తిరిగేసరికి, 2025 జూన్‌లో, వైద్యుని చీటీ ఉంటేనే అమ్మవలెనని వెనుకకు తిరిగినది. నిషేధవాదులు దీనిని తమ విజయంగా చెప్పుకొంటున్నారు. కట్టలేని కాలువకు నీరు వదిలితే పొలం మునుగుతుంది. అందువల్ల కాలువ త్రవ్వరాదని ఏ రైతూ అనడు. ఐక్యరాజ్యసమితి మత్తుమందుల సంఘం 2020 డిసెంబరులో గంజాయిని అత్యంత ప్రమాదకరమైనవాటి పట్టికనుంచి తొలగించడానికి ఓటు వేసినది. ఇరవైఏడుగురు అనుకూలం, ఇరవైఐదుగురు ప్రతికూలం. అనుకూలంగా ఓటు వేసినవారిలో భారతదేశం ఉన్నది. వియన్నాలో ఎత్తిన ఆ చేయి ఢిల్లీలో చట్టపుస్తకం తెరవడానికి ఇంకా కదలలేదు.

1985 చట్టం కేంద్రానిది. పుదుచ్చేరి వంటి కేంద్రపాలిత ప్రాంతం దానిని మార్చలేదు. అయితే గంజాయి మొక్క సాగును అనుమతించి క్రమబద్ధం చేసే అధికారం రాష్ట్రప్రభుత్వాలకు ఆ చట్టంలోనే పదవ సెక్షను క్రింద ఉన్నది. వైద్యానికీ శాస్త్రపరిశోధనకూ ఆ దారి ఈనాడే తెరచి ఉన్నది. ఉత్తరాఖండ్ 2018లో మత్తు అతి స్వల్పంగా ఉండే నారరకానికి లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టినది. వాడుకకు శిక్ష తొలగించడం మాత్రం పార్లమెంటు పని. ఆ పనిని అడగవలసినది ఆ సరకు వల్ల, ఆ చట్టం వల్ల రెండువిధాలా దెబ్బతిన్న ఊళ్లే. రాష్ట్రప్రతిపత్తి కావలెనని ఎన్నో పర్యాయాలు తీర్మానాలు చేసి ఢిల్లీకి పంపిన సభ పుదుచ్చేరి శాసనసభ. ఇటువంటి కాగితం మరొకటి పంపడం దానికి కష్టం కాదు. అరియాంకుప్పం ఆ సభకు ఒక సభ్యుణ్ణి ఎన్నుకొంటున్నది. ఓట్లు అడగడానికి ఆయన కడలూరు రోడ్డుమీదనే, ఆ దుకాణాల ముందునుంచే, నడచి రావలె.